మామునూరు రన్‌వే మీద ఎగిరిన పిల్లలు

పాత ఆదిలాబాద్ జిల్లాలోని జైనూర్ నుంచి మార్లవాయికి ఇప్పుడంటే ఆటోలో పోవచ్చు. 1940ల తొలినాళ్లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దంపతులు అక్కడి గోండుల మధ్య కాపురం పెట్టిన రోజుల్లో అడవి దారులే దిక్కు. అదే నిజాం రాజ్యంలో, అంతకు పదేళ్ల ముందే, వరంగల్ పక్కన మామునూరులో విమానాలు దిగేందుకు నేల చదును చేశారు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1930లో కట్టించిన ఆ విమానాశ్రయం 1,875 ఎకరాలది. వరంగల్ ఆజంజాహీ మిల్లుకూ, తర్వాత వచ్చిన కాగజ్‌నగర్ కాగితం మిల్లుకూ అక్కరకొచ్చింది. 1981 దాకా విమానాలు వచ్చిపోయాయి. ఆ తర్వాత ఆగిపోయాయి.

నా దృష్టిలో దాని అసలు కథ అక్కడే మొదలైంది. విమానం లేని ఆ రన్‌వే ఎన్‌సీసీ పిల్లల చేతికొచ్చింది. విమానాల నమూనాలు ఎగరేశారు, పారాసెయిలింగ్ నేర్చుకున్నారు. తొడలకూ ఛాతీకీ పట్టీలు బిగిస్తారు. వెనక ఇద్దరు పారాచూట్ అంచులు పట్టుకుని నిలబడతారు. ముందు జీపు, దానికి పొడవాటి తాడు. జీపు కదిలి తాడు బిగుసుకోగానే నాలుగడుగులు పరుగెత్తాలి. గుడ్డలో గాలి నిండిందా, కాళ్లు నేలను వదిలేస్తాయి. దిగేటప్పుడు పాదాలు జోడించి, మోకాళ్లు కాస్త వంచాలి. అది మరిస్తే చీలమండ బెణుకుతుంది.

విమానంలోంచి దూకే స్కైడైవింగ్ దీనికి పై మెట్టు. ఎన్‌సీసీలో ఎంపికైన పిల్లలు ఆగ్రాలోని సైనిక పారాచూట్ శిక్షణ పాఠశాలకు వెళ్లి దూకి వస్తారు. ఈ విద్య ఎక్కువగా చిన్న విమానాశ్రయాల్లోనే పెరిగింది. 1959లో అమెరికాలో జాక్ ఇస్తెల్ సరదాగా దూకేవాళ్ల కోసం కేంద్రం తెరిచింది మసాచుసెట్స్‌లోని ఆరెంజ్ అనే చిన్న ఊరి విమానాశ్రయంలోనే. దూకేవాడికి కావలసింది రద్దీ లేని ఆకాశం, దిగడానికి చెట్టూ తీగా లేని మైదానం. పెద్ద విమానాశ్రయంలో ఆ రెండూ దొరకవు. మామునూరులో రెండూ ఉండేవి.

ఇప్పుడు అక్కడికి మళ్లీ విమానాలు రానున్నాయి. శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం ఉండకూడదన్న షరతు అడ్డు తొలగింది. రన్‌వే పొడిగించేందుకు కావలసిన భూసేకరణకు రాష్ట్రం 2024 నవంబరులో 205 కోట్లు మంజూరు చేసింది. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం పచ్చజెండా ఊపింది. మన ఆదిలాబాద్‌లోని నిజాం కాలపు ఏరోడ్రోమ్‌లోనూ పౌర విమానాలకు అదే ఏడాది వైమానిక దళం ఒప్పుకుంది. సంతోషమే. భూమి ఇచ్చిన రైతులకు న్యాయమైన ధర దక్కితే ఇంకా సంతోషం.

ఒక్క మాట మాత్రం అధికారులు చెవిన పెట్టాలి. ఆదిలాబాద్ విమానాశ్రయం నక్షా గీసేటప్పుడే ఎన్‌సీసీకీ, గాలి ఆటలకూ కొంత నేల, వారంలో కొన్ని గంటల ఆకాశం రాసిపెట్టండి. జైనూర్, ఉట్నూరు ఆశ్రమ పాఠశాలల పిల్లలకు టికెట్ కొని విమానమెక్కే రోజు ఎప్పుడొస్తుందో గానీ, పారాచూట్ పట్టీలు బిగించుకునే అవకాశం ఇప్పుడే ఇవ్వవచ్చు.