గడ్డివాము నుంచి నెల్లూరు దాకా

మసాచుసెట్స్ కొండల నడుమ 1793లో వెలసిన విలియమ్స్ కళాశాల చాలా చిన్నది. లాటిన్, గ్రీకు పాఠాలు అప్పజెప్పడం, ఉదయసాయంత్రాలు ప్రార్థనకు హాజరు కావడం అక్కడి దినచర్య. పాఠ్యక్రమానికి వెలుపలి వ్యాపకాలను విద్యార్థులే కల్పించుకొన్నారు: వాగ్వాద సభలు, వాటికి సొంత గ్రంథాలయాలు, ప్రార్థనా బృందాలు.

1806 ఆగస్టులో గాలివాన ముంచుకురాగా, అలాంటి ఒక బృందంలోని అయిదుగురు గడ్డివాము చాటున తలదాచుకొని, ఆసియాకు మతప్రచారకులను పంపే విషయం చర్చించారు. పంపాలన్నాడు శామ్యూల్ మిల్స్. అందుకింకా కాలం రాలేదన్నాడు హార్వే లూమిస్. మిల్స్ పక్షంవారు 1808లో రహస్య సంఘం పెట్టుకొని, దాని నిబంధనలను సంకేతలిపిలో రాసుకొన్నారు. వారిలో కొందరు తర్వాత ఆండోవర్ వేదాంత విద్యాలయంలో చేరారు. అక్కడ అడోనిరామ్ జడ్సన్ వంటివారు తోడవడంతో 1810లో అమెరికన్ బోర్డు ఏర్పడింది. 1812లో తొలి ప్రచారకులు కలకత్తాకు ఓడ ఎక్కారు.

కలకత్తాలో జడ్సన్, లూథర్ రైస్ బాప్టిస్టులయ్యారు. వారి మార్పు ఫలితంగా 1814లో అమెరికా బాప్టిస్టులు వేరే సంస్థ స్థాపించుకొన్నారు. అది పంపగా 1836లో భారతదేశం చేరిన శామ్యూల్ డే, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. అక్కడి అమెరికన్ బాప్టిస్టు బడులు, ఆస్పత్రి ఈ పరంపరలోనివే.

అయితే ఆనాడు గడ్డివాము చాటున ఆసియా గురించి వాదించినవారిలో ఆసియావాసి ఒక్కడూ లేడు. విద్యార్థి వ్యాపకాల చరిత్రలో వాటి విస్తృతితోపాటు ఈ లోపాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.