ప్రసార లైన్లలో విద్యుత్ నష్టం: లెక్కించే విధానం

విద్యుత్ కేంద్రం నుంచి సబ్‌స్టేషన్‌కు బయలుదేరిన విద్యుత్తులో కొంత దారిలోనే తీగలను వేడెక్కించి వృథా అవుతుంది. తీగ నిరోధం రెట్టింపైతే ఈ నష్టమూ రెట్టింపవుతుంది. కరెంటు రెట్టింపైతే మాత్రం నాలుగు రెట్లవుతుంది. మూడు ఫేజుల లైనుకు వాడే సూత్రాలివి:

నష్టం = 3 × (కరెంటు)² × ఒక ఫేజు నిరోధం
కరెంటు = లోడు ÷ (√3 × వోల్టేజి × పవర్ ఫ్యాక్టర్)

మన దేశంలో 132 కిలోవోల్టుల లైన్లకు ఉక్కు తీగల చుట్టూ అల్యూమినియం తీగలు పేనిన ‘పాంథర్’ కండక్టర్‌ను ఎక్కువగా వాడతారు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని నిరోధం కిలోమీటరుకు సుమారు 0.14 ఓమ్‌లు, 100 కిలోమీటర్లకు 14 ఓమ్‌లు. చివరన 0.9 పవర్ ఫ్యాక్టర్‌తో 50 మెగావాట్ల లోడు ఉంటే కరెంటు దాదాపు 243 ఆంపియర్లు, నష్టం 2.48 మెగావాట్లు. అంటే లోడులో సుమారు 5 శాతం. పవర్ ఫ్యాక్టర్ 0.8కి పడిపోతే నష్టం 3.14 మెగావాట్లకు పెరుగుతుంది. అదే తీగ మీద అదే లోడును 0.9 పవర్ ఫ్యాక్టర్‌తోనే 220 కిలోవోల్టుల వద్ద పంపితే నష్టం 0.9 మెగావాట్లకు తగ్గుతుంది. దూరప్రాంతాలకు అధిక వోల్టేజి ఎంచుకోవడానికి ఇదే ప్రధాన కారణం.

ఎండాకాలంలో ఈ అంకెలు సరిపోవు. అల్యూమినియం నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. తీగ 75 డిగ్రీలకు చేరితే నిరోధంతో పాటు నష్టమూ 22 శాతం ఎక్కువవుతుంది.

ఏడాది నష్టం లెక్కలో సగటు కరెంటును వాడటం పెద్ద పొరపాటు. రోజులో సగం 100, మిగతా సగం 300 ఆంపియర్లు పారే లైనులో సగటు 200, దాని వర్గం 40,000. వర్గాల సగటు మాత్రం 50,000. అసలు నష్టంలో అయిదో వంతు లెక్కలోకే రాదు. అందుకే గంటగంటకూ కరెంటు వర్గాలను కూడాలి. ఆ వివరాలు లేనప్పుడు లోడ్ ఫ్యాక్టర్ (గరిష్ఠ లోడుతో పోలిస్తే సగటు లోడు నిష్పత్తి) ఆధారంగా నష్ట గుణకాన్ని (గరిష్ఠ నష్టంతో పోలిస్తే సగటు నష్టం నిష్పత్తి) అంచనా వేస్తారు.

400 కిలోవోల్టులు, ఆపైన కరోనా నష్టాన్నీ కలపాలి. తీగ చుట్టూ గాలి అయనీకరణం చెందడం వల్ల కలిగే ఈ నష్టం వానలో బాగా పెరుగుతుంది.

లైను రెండు చివరల మీటర్ల రీడింగుల తేడా వాస్తవ నష్టాన్ని చూపుతుంది. అయితే నష్టం 5 శాతమే ఉన్నప్పుడు, రెండు మీటర్లూ చెరో 0.2 శాతం ఎదురెదురు దిశల్లో తప్పు చూపితే నష్టపు లెక్క దాదాపు 8 శాతం తప్పుతుంది.