గుర్రాన్ని తీసుకెళ్లే బండి: కట్టించేటప్పుడు, కొనేటప్పుడు చూసుకోవలసినవి

ఆనేకల్ తాలూకాలో పెళ్లి ఊరేగింపులకు, జాతరలకు గుర్రాలను అద్దెకిచ్చి బతికే కుటుంబాల్లో తెలుగు మాట్లాడేవారూ ఉన్నారు. అత్తిబెలె దాటితే హోసూరు. అటు తమిళనాడు, ఇటు బెంగళూరు నగరం. ముహూర్తాల కాలంలో గుర్రం రెండు వైపులా తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడు ఎక్కువగా కూరగాయల పికప్ బండిలోనే జరుగుతోంది. గుర్రం కాలు విరిగితే ఎద్దుకు కట్టినట్టు కట్టు కట్టి బాగుచేయడం చాలా కష్టం. అంటే ఒక్క సడన్ బ్రేకుతో గుర్రమూ పోతుంది, ఇంటి ఆదాయమూ పోతుంది. అందుకని సభ్యుల ఉపయోగం కోసం ఈ వివరాలను ఒకచోట చేర్చి ఇస్తున్నాం.

చట్టం ఏమంటుంది

1978 నాటి జంతు రవాణా నియమాల ప్రకారం గుర్రం ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని పశువైద్యుని సర్టిఫికెట్ ఉండాలి. బండి పక్కలకు మెత్త, వెనక ప్రత్యేకమైన తలుపు ఉండాలి. మామూలు సరుకుల బండి అయితే నేల మీద జారకుండా ఏదైనా పరవాలి, పక్కలు పొట్టిగా ఉంటే ఎత్తు పెంచాలి. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల మందం గల వెదురు బొంగు, వెనక రెండు గట్టి అడ్డకర్రలు కట్టాలి. ఎదురు వాహనాలకు బెదరకుండా తలలు ఎడమ వైపుకు ఉండాలి. ఒక బండిలో నాలుగు నుంచి ఆరు గుర్రాలకు మించకూడదు. వెంట ఒక మనిషి ఉండాలి. వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు.

2016 జనవరి 1 నుంచి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 125ఇ నియమం అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ప్రతి జంతువుకూ విడిగా, శాశ్వతమైన గది ఉండాలి. గుర్రానికి ఆ గది 2.25 చదరపు మీటర్లకు తగ్గకూడదు. అలా మార్చిన బండికి ఆర్టీవో నుంచి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. ఆ బండిలో వేరే సరుకు వేయకూడదు.

కొలతల లెక్క

2.25 చదరపు మీటర్లంటే సుమారు 24.2 చదరపు అడుగులు. 9 అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు గల పికప్ తొట్టి 49.5 చదరపు అడుగులు. కాగితం మీద ఇందులో రెండు గుర్రాలు పట్టేట్టే ఉంటాయి. అయితే రెండు పక్కల మెత్తకు ఒకటిన్నర అంగుళాల చొప్పున, నడిమి అడ్డుకు రెండు అంగుళాలు తీసేయండి. ఒక్కో గదికి ముప్ఫైన్నర అంగుళాల వెడల్పే మిగులుతుంది. విస్తీర్ణం 23 చదరపు అడుగులకు లోపే. అంటే అలాంటి బండిలో ఒక్క గుర్రానికే చోటు. "రెండు పడతాయి సార్" అని షెడ్డువాళ్లు చెబితే టేపు పట్టి లోపలి కొలత చూడండి, బయటి కొలత కాదు.

మా సూచన ఒక్కో గదికి 8 అడుగుల పొడవు, మూడుంబావు అడుగుల వెడల్పు. అది 26 చదరపు అడుగులు అవుతుంది. లోపలి ఎత్తు ఏడు అడుగులకు తగ్గకూడదు, ఏడున్నర ఉంటే మంచిది.

పికప్పా, ట్రైలరా

పికప్ తొట్టి నేల నుంచి సుమారు మూడు అడుగుల ఎత్తులో ఉంటుంది. గుర్రం బెదరకుండా ఎక్కాలంటే ర్యాంపు వాలు 20 డిగ్రీలకు మించకూడదు. మూడు అడుగుల ఎత్తుకు ఆ వాలు రావాలంటే దాదాపు 9 అడుగుల ర్యాంపు కావాలి. దాన్ని మోయడం, మడవడం కష్టం. ఊళ్లో అయితే మట్టిదిబ్బ వేసి బండి వెనక భాగాన్ని దానికి ఆనించి నిలిపితే ఖర్చు లేని ర్యాంపు. ట్రైలర్ నేల ఒకటిన్నర అడుగు ఎత్తులోనే ఉంటుంది కనుక నాలుగున్నర అడుగుల ర్యాంపు చాలు. బరువు కిందికి ఉంటుంది కాబట్టి మలుపుల్లో ఊగడమూ తక్కువ.

అయితే ట్రైలర్‌కు వేరే లెక్కలున్నాయి. ఒక గుర్రం బరువు సుమారు 400 నుంచి 500 కిలోలు. రెండు గుర్రాలతో ట్రైలర్ మొత్తం బరువు రెండు టన్నులు సులభంగా దాటుతుంది. అంత బరువు లాగే శక్తి ముందు బండికి ఉండాలి, ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలి. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం కొక్కెం మీద పడేలా ఇరుసు అమరాలి. అంతకు తగ్గితే రోడ్డు మీద వెనక భాగం తోకలా ఆడుతుంది. రెండు ఇరుసులుంటే ఒక టైరు పేలినా బండి నిలదొక్కుకుంటుంది. మోటారు వాహనాల చట్టం దృష్టిలో ట్రైలర్ కూడా వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి.

షెడ్డులో నిలబడి అడగవలసినవి

జిగణి, చందాపుర వైపు వెల్డింగు షెడ్లు చాలా ఉన్నాయి. ఎవరికి ఇచ్చినా ఈ విషయాలు ముందే రాయించుకోండి.

నేల: చెకర్ ప్లేటు ఒక్కటే వేస్తే మూత్రం పడి జారుతుంది. రెండు అంగుళాల చెక్కల మీద రబ్బరు చాప వేయించాలి. చాప ఎత్తి కడిగే వీలుండాలి. పాత బండి కొంటుంటే చాప ఎత్తించి, చెక్కను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. దిగబడితే చెక్క కుళ్లినట్టే.

నడిమి అడ్డు: కింది వరకు మూయకండి. బండి ఊగినప్పుడు గుర్రం కాళ్లు ఎడంగా పెట్టి నిలదొక్కుకుంటుంది. కింద కాలు చాపుకునే చోటు ఉండాలి.

గాలి, వెలుతురు: రెండు పక్కలా పైన కిటికీలు పెట్టించండి. ఇంజను పొగ లోపలికి రాకూడదు. లోపల తెల్లరంగు వేయించండి, చీకటి గదిలోకి గుర్రం అడుగు పెట్టదు.

తలుపులు: ముందు వైపు మనిషి బయటికి రావడానికి చిన్న తలుపు కావాలి. అడ్డకర్ర గొళ్లెం బయటి నుంచి కూడా తీయగలిగేలా ఉండాలి. లోపల పొడుచుకొచ్చిన బోల్టు ఒక్కటీ ఉండకూడదు.

నడిపేటప్పుడు

ఎక్కించేటప్పుడు ముందు వెనక అడ్డకర్ర వేసి, తరువాత తలతాడు కట్టాలి. దించేటప్పుడు ముందు తలతాడు విప్పి, తరువాత అడ్డకర్ర తీయాలి. ఈ వరుస తప్పితే గుర్రం తల కట్టి ఉండగానే వెనక్కి గుంజుకుని దెబ్బ తగిలించుకుంటుంది. ట్రైలర్‌లో ఒక్క గుర్రమే ఉంటే కుడి పక్క, అంటే డ్రైవరు వైపు గదిలో నిలపండి. మన రోడ్లు ఎడమ అంచుకు వాలి ఉంటాయి కాబట్టి అది నిలకడ.

తల పైకెత్తి గట్టిగా కడితే ఊపిరితిత్తుల్లోని కఫం కిందికి దిగక జ్వరం వస్తుంది. మూడు నాలుగు గంటలకు ఒకసారి ఆపి, తల దించుకోనిచ్చి, నీళ్లు పెట్టండి. ఆనేకల్ నుంచి కుణిగల్ సుమారు వంద కిలోమీటర్లు. గంటకు 35 చొప్పున మూడు గంటలు పడుతుంది. ఎండాకాలంలో తెల్లవారుజామునే బయలుదేరండి.

గుర్రాల్లో గ్లాండర్స్ అనే రోగం ఉంది, అది మనుషులకూ సోకుతుంది. కొత్త గుర్రం కొన్నప్పుడు రక్త పరీక్ష కాగితం చూడకుండా బండి ఎక్కించకండి.

1836లో ఇంగ్లండులో ఎలిస్ అనే పందెపు గుర్రాన్ని ఆరు గుర్రాలు లాగే బండిలో డాన్‌కాస్టర్‌కు తీసుకెళ్లారు. అప్పట్లో పందెపు గుర్రాలు రోజుల తరబడి నడిచే వచ్చేవి. అలసట లేకుండా చేరిన ఎలిస్ ఆ ఏడు సెయింట్ లెజర్ పందెం గెలిచింది. మంచి బండికి పెట్టే డబ్బు వృథా కాదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

చివరిగా ఒక మాట. ఆర్‌సీ, ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు, ఆర్టీవో అనుమతి, పశువైద్యుని సర్టిఫికెట్, ఈ ఐదింటినీ ఒక ప్లాస్టిక్ కవరులో బండిలోనే ఉంచండి. తొట్టి మార్పించే ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. అనుమతి లేకుండా బండి ఆకారం మార్చడాన్ని చట్టం ఒప్పుకోదు, పని అయ్యాక సరిచేయించుకోవాలంటే ఖర్చు రెట్టింపు.