గుమ్మం దగ్గర ఆగిపోయే అడుగు: ఒక మాత్ర, ఒక గీత, ఒకే సంవత్సరం

ఎపిసోడ్‌లో గబగబా చెప్పేసిన విషయం ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఐటీఐ చదివి, యాంగోన్‌లో బిల్డింగ్ సైట్ మీద సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నవాణ్ణి. అది గుర్తుపెట్టుకుని చదవండి.

నేను అద్దెకుండే బిల్డింగుకి లిఫ్ట్ లేదు. డౌన్‌టౌన్‌లో పాత బిల్డింగులు చాలావరకు అంతే, నిటారుగా ఇరుకు మెట్లు. మూడో అంతస్తులో ఒక తెలుగు తాత ఉంటారు. పుట్టింది ఇక్కడే. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రంగూన్‌లో రిక్షా లాగారట. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద ఇక్కడ తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు. రేవులో మూటలు మోసిన చేతులు, రిక్షాలు లాగిన కాళ్లు ఎక్కువగా వాళ్లవే. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి ఇండియాకి నడిచిపోయారు. తాత వాళ్ల కుటుంబం మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

ఆ తాతకి పార్కిన్సన్స్. చెయ్యి వణుకుతుంది, అడుగు చిన్నదైపోయింది. నాకు అర్థంకానిది ఒకటుండేది. మెట్లు పట్టుకుని దిగుతారు, ఎక్కుతారు. కానీ తన ఇంటి గుమ్మం దగ్గరికొచ్చేసరికి, చదును నేల మీద, కాళ్లు అతుక్కుపోతాయి. ఒకసారి సాయం చేద్దామని చెయ్యి పట్టి లాగాను. ఒళ్లు ముందుకొచ్చింది, పాదాలు రాలేదు. గోడ అడ్డం లేకపోతే పడిపోయేవారు. తప్పు నాదే.

వేరే దేశంలో ఉన్న కొడుకు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నాన్నని కిందికి దిగనివ్వకు. బాల్కనీలోంచి తాడు దించితే టీ, కూరలు అన్నీ పైకొస్తాయి కదా!" అన్నాడు. యాంగోన్‌లో ప్రతి బాల్కనీకీ అలా ఒక తాడు వేలాడుతుంటుంది, చివర క్లిప్పుతో. తాతకి ఈ మాట చెప్తే, "అయితే ఆ క్లిప్పు నాకే పెట్టి దించమను బాబూ. టీ కొట్టుకి నేనే ఎల్తాను" అన్నారు.

ఇద్దరిలో ఎవరిది తప్పనాలి? అది తేల్చుకోడానికే చదవడం మొదలుపెట్టాను.

ఈ జబ్బు గురించి 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ చిన్న పుస్తకం రాశాడు. అందులో ఆరుగురి సంగతులే ఉన్నాయి. వాళ్లలో కొందరిని ఆయన చూసింది ఆస్పత్రిలో కాదు, వీధిలో. ముందుకు వంగిపోయి, నడక పరుగైపోయే తీరుని అక్కడే గమనించాడు. తర్వాత ఫ్రాన్స్‌లో షార్కో అనే డాక్టరు ఈ జబ్బుకి పార్కిన్సన్ పేరు పెట్టాడు. మన ఆయుర్వేదంలో కంపవాతం అనే మాట ఎప్పట్నుంచో ఉంది.

మందు కథలో మన పక్క ఊసు కూడా ఉంది. పొలం గట్ల మీద ముట్టుకుంటే దురద పుట్టించే దూలగొండి తెలుసు కదా? 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాని గింజల నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. అంతకుముందే 1913లో గుగ్గెన్‌హైమ్ అనే ఆయన ఒక రకం చిక్కుడు నుంచి దాన్ని తీశాడు. అది దేనికి పనికొస్తుందో అప్పటికి తెలీదు. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్, పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లలో డోపమైన్ బాగా తగ్గిపోయిందని చూపించాడు. ఎల్-డోపా మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారుతుంది. 1961లో బిర్క్‌మేయర్‌తో కలిసి దాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తే, మంచం పట్టినవాళ్లు లేచి నడిచారు. కానీ ఆ గుణం కొన్ని గంటలే. 1967లో న్యూయార్క్ దగ్గర కొట్జియాస్, నోటి ద్వారా కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఇచ్చే పద్ధతి చూపించాడు. ఇవాళ్టి మాత్రలకి దారి పడింది అక్కడే. అలాగని దూలగొండి గింజలు నూరి తాగకండి. మోతాదు మన చేతిలో ఉండదు.

అదే 1967లో లండన్‌లో ఇంకో పుస్తకం వచ్చింది. పర్డన్ మార్టిన్ అనే డాక్టరు రాసింది. అడుగు కదలక ఆగిపోయే రోగుల ముందు నేల మీద అడ్డగీతలు గీస్తే, ఆ గీతలు దాటుతూ నడిచేస్తున్నారని అందులో చూపించాడు. నిలువు గీతలు కాదు, అడ్డగీతలు.

చదివాక నాకు మా సైట్ జనరేటర్ గుర్తొచ్చింది. యాంగోన్‌లో కరెంటు పోవడం రోజూ ఉండేదే. ఆటో ఛేంజోవర్ పనిచేస్తే ఎవరూ పట్టించుకోరు, లైట్లు వాటంతటవే వెలుగుతాయి. అది చెడితే మనిషి వెళ్లి చేత్తో హ్యాండిల్ తిప్పాలి. నడక కూడా మనకి ఆటోలోనే నడుస్తుంది. డోపమైన్ తగ్గితే ఆ ఆటో చెడుతుంది. కళ్లెదురుగా గీత ఉంటే మెదడు ఇంకో దారిలో, చూసి, కావాలని అడుగేయిస్తుంది. తాతకి మెట్లెందుకు సులువో అప్పుడు అర్థమైంది. ప్రతి మెట్టు అంచూ ఒక అడ్డగీతే.

తాత బాగా నడిచే వేళ ఆయన అడుగు కొలిచాను. గుమ్మానికి అటూ ఇటూ అంత దూరంలో పసుపు టేపు అడ్డంగా అంటించాను, అంచులు లేవకుండా నొక్కి. మొదటి రోజు టేపు వైపు చూసి, "ఇదేటి, రోడ్డు పనా?" అని నవ్వి, దాటేశారు.

అన్ని రోజులూ దాటలేదు. మాత్ర గుణం తగ్గే వేళ గీత కూడా పనిచేయదు. అందుకని డాక్టరుని అడిగి, టీకి దిగే టైమూ మాత్ర వేసుకునే టైమూ కలిపి పెట్టుకున్నాం. ఎక్కడ పడితే అక్కడ గిర్రున తిరక్కుండా పెద్ద వంపు తీసుకుని తిరుగుతారు. రెండు చేతుల్లో సామాన్లు పట్టుకోరు. టీ కొట్లో పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ల మీంచి లేవలేకపోతున్నారని కొట్టువాడు ఒక ఎత్తు కుర్చీ వేశాడు. వీధిలో గీతలుండవు, పలకల మధ్య అతుకులే గీతలు. పలకలు పగిలిన చోట తాత ఆగి, "ఒకటి, రెండు" అని తెలుగులో లెక్కపెట్టి కదులుతారు. ఆగినప్పుడు మేమెవరం లాగం. పక్కన నిలబడతాం, అంతే.

కొడుకు భయం తప్పు కాదు. పడితే తుంటి ఎముక విరుగుతుంది. కానీ కూర్చోబెట్టేస్తే కాళ్లలో ఉన్న బలం కూడా పోతుంది. అతనితో అదే చెప్పాను. ఎవరో ఒకరు వెనకాల ఉండేటట్టయితేనే దిగనిమ్మన్నాడు. ఆదివారాలు నేనుంటాను, మిగతా రోజులు కింది అంతస్తు కుర్రాడుంటాడు. వర్షం రోజు మాత్రం టీ తాడు మీదే పైకొస్తుంది. ఆ విషయంలో తాత కూడా గొడవపెట్టరు.

మీ ఇంట్లో ఇలా ఆగిపోయే కాళ్లుంటే, చెయ్యి పట్టి లాగకండి. డాక్టరునో, ఫిజియోథెరపిస్టునో ఈ అడ్డగీతల గురించి అడగండి. గీసి చూశాక ఏమైందో నాకు రాయండి.