ఫోర్స్ పుష్ – పుల్ రిక్వెస్ట్ స్థితి

గిట్‌లో తిరగరాసిన కమిట్లను సర్వర్‌లోని పాత బ్రాంచి చరిత్ర స్థానంలోకి బలవంతంగా పంపడమే ఫోర్స్ పుష్. మామూలుగా దీనివల్ల తెరిచి ఉన్న పుల్ రిక్వెస్ట్ మూతపడదు. గిట్‌హబ్‌లో కమిట్ల జాబితా మారుతుంది, టైమ్‌లైన్‌లో ఆ సంగతి నమోదవుతుంది. పరీక్షల ఫలితాలు ఒక్కో కమిట్‌కు ముడిపడినవి కాబట్టి పరీక్షలను మళ్లీ నడపాలి. మారిన వరుసలపై రాసిన సమీక్షలకు కాలం చెల్లినట్టు గుర్తు పడుతుంది. రిపాజిటరీలో అలాంటి నియమం ఉంటే ఆమోదాలూ రద్దవుతాయి. లక్ష్య బ్రాంచికి మించిన కమిట్లేవీ మిగలకపోతే మాత్రం రిక్వెస్ట్ దానంతటదే మూసుకుంటుంది.

అసలు చిక్కు ముందే మూసిన రిక్వెస్ట్‌తో. ఆపై ఫోర్స్ పుష్ చేస్తే గిట్‌హబ్ దాన్ని తిరిగి తెరవనివ్వదు. బ్రాంచిని పాత కమిట్‌కే తెస్తే తప్ప. ఇక ఫోర్స్ పుష్ చేయక తప్పనప్పుడు, తోటివారి కమిట్లు గల్లంతు కాకుండా, 2013లో గిట్ 1.8.5తో వచ్చిన ఫోర్స్-విత్-లీజ్ అనే ఐచ్ఛికం వాడటం మేలు.