జావా 7 అంది, మెర్సెన్ ప్రైమ్ అన్నాడు: 2 పవర్ 67 మైనస్ 1 కథ

ఈ ఎపిసోడ్ కోసం మొన్న జావాలో ఒక లైన్ రాశా. 1ని 67 సార్లు ఎడమకి షిఫ్ట్ చేసి, అందులోంచి 1 తీసెయ్, అంతే. అంటే 2 పవర్ 67 మైనస్ 1. ఎంతొచ్చిందో తెలుసా? 7! ఎర్రర్ లేదు, ఏం లేదు. జావాలో లాంగ్‌కి ఉన్నవి 64 బిట్లే కదా, 67ని చడీచప్పుడు లేకుండా 3 చేసేసింది. ఇన్నేళ్లు కోడింగ్ చేసి జీతం తీసుకున్నా... సిగ్గేసింది.

అసలు సంఖ్య ఇది: 147573952589676412927. 21 అంకెలు.

1644లో పారిస్‌లో మారిన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి ఒక జాబితా అచ్చు వేయించాడు. 2కి ఏ పవర్ వేసి 1 తీసేస్తే ప్రైమ్ వస్తుందో, 257 వరకూ చెప్పాడు. అందులో 67 ఉంది. రుజువు మాత్రం లేదు. అయినా తప్పని తేలడానికి 232 ఏళ్లు పట్టింది! (61, 89, 107 ఉండాల్సింది, అవీ మిస్సయ్యాడు.)

1876లో ఫ్రాన్స్‌లో ఎదువార్ లూకా ఇది ప్రైమ్ కాదని తేల్చాడు. కానీ దేనితో భాగించబడుతుందో చెప్పలేకపోయాడు. అదెలా అంటారా? టెస్ట్ ఫెయిలైంది, బగ్ ఏ లైన్లో ఉందో తెలీదు. అలాగన్నమాట.

ఆ బగ్ పట్టింది ఫ్రాంక్ నెల్సన్ కోల్. 1903 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ మీటింగ్. ఒక్క మాట మాట్లాడకుండా బోర్డు మీద 2 పవర్ 67 లెక్కగట్టి, 1 తీసేసి, పక్కన 193707721ని 761838257287తో గుణించాడట. రెండూ ఒకటే! హాలంతా చప్పట్లు. ఎన్నాళ్లు పట్టిందని అడిగితే, మూడేళ్ల ఆదివారాలు అన్నాడట.

ఈ "అట"లు ఊరికే వేయలేదు. ఈ కథ చెప్పింది ఎరిక్ టెంపుల్ బెల్, అదీ కోల్ చనిపోయిన పాతికేళ్లకి, 1951 పుస్తకంలో. బెల్‌కి కథలు కొంచెం రంగేసి చెప్పే అలవాటుంది.

కానీ నాకు చప్పట్ల కన్నా ఆదివారాల లెక్కే ఇంట్రెస్టింగ్. ఈ సంఖ్యని భాగించే ఏ సంఖ్యనైనా 134తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటివి వరసగా చూసుకుంటూ పోతే 193707721 వచ్చేది 14,45,580వ చోట. మూడేళ్లకి ఆదివారాలు 156. అంటే ఆదివారానికి తొమ్మిది వేల పైన భాగహారాలు, చేత్తో! ఎవరి వల్లా కాదు. కాబట్టి కోల్ గుడ్డిగా వెతకలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో అచ్చయిన ఆయన పేపర్‌లో ఆ పద్ధతి ఉంది: వర్గాల శేషాలు చూసి, పనికిరాని సంఖ్యల్ని గుంపులు గుంపులుగా ముందే ఏరిపారేయడం. బోర్డు మీద గుణకారం అందరికీ గుర్తుంది, ఈ జల్లెడ సంగతి ఎవరూ చెప్పరు.

నా కోడ్ బిగ్‌ఇంటీజర్‌తో మళ్లీ రాశా. రెండు సంఖ్యలూ డిస్క్రిప్షన్‌లో పెడతాను. ఫోన్ కాలిక్యులేటర్ చివరి అంకెలు మింగేయొచ్చు, కాగితం మీదే గుణించి చూడండి.