బీపీ గోలీకి రెండో బిరుదు

పెబ్బేరు సంతకు పశువులను తోలుకొచ్చే రైతుకైనా, 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీ నడిపే డ్రైవరుకైనా సర్కారు దవాఖానలో ఇచ్చే బీపీ గోలీ ఒక్క పనికే: రక్తపోటు దించడానికి. దానికి ‘యాంటీఆక్సిడెంట్’ అనే రెండో బిరుదు తగిలించే ప్రయత్నం 1980ల నుంచి నడుస్తోంది. గాజుగొట్టంలో చెల్లిన ఆ బిరుదు మనిషి ఒంట్లో చెల్లుతుందనడానికి ఆధారాలు చాలవు. 1984లో కల్లం అంజిరెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ తొలినాళ్లలో ఎగుమతి చేసిన మిథైల్‌డోపానే చూడండి. దాని అణువులోని కాటెకాల్ భాగం ఆక్సిజన్‌తో ఇట్టే కలుస్తుంది. ఆ మందు వాడేవారి మూత్రం అరుదుగా గాలి తగిలి నల్లబడేది అందుకే. అయినా వైద్యులు దాన్ని రాసింది, గర్భిణులకు ఇప్పటికీ రాస్తున్నది, మెదడు మీద పనిచేసి రక్తపోటు తగ్గిస్తుందనే.

బిరుదుకు గట్టి పోటీదారు కాప్టోప్రిల్. బ్రెజిల్ పాము విషం మీద పరిశోధనల్లోంచి పుట్టి, 1981లో అమెరికాలో అనుమతి పొందింది. దానిలోని గంధకపు థయోల్ భాగం ప్రయోగశాలలో ఫ్రీ రాడికల్స్ అనే ఆక్సిడెంట్లను పట్టేస్తుంది. కానీ గోలీ మింగాక రక్తంలో దాని పాళ్లు లీటరుకు కొద్ది మైక్రోమోల్‌లే. అదే పని చేయగల యూరిక్ యాసిడ్ మన రక్తంలో ముందే రెండు మూడు వందలుంటుంది. నిండుగా పారే కృష్ణలో చెంబెడు నీళ్లు పోసినట్టే.

ఆక్సిడెంట్లను పట్టడం కాదు, పుట్టకుండా చేయడమే ముఖ్యమని కొందరంటారు. ఈ వాదనలో బలముంది. రక్తపోటు పెంచే యాంజియోటెన్సిన్ అనే హార్మోను రక్తనాళాల్లో ఆక్సిడెంట్లను పుట్టించే ఎంజైమును రెచ్చగొడుతుందని 1994లో తేలింది. యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే రామిప్రిల్, టెల్మిసార్టన్ అనే బీపీ మందులు ఆక్సిడెంట్ల ఉత్పత్తిని తగ్గించవచ్చు. అయితే రక్తపోటు దిగినా ఆక్సిడెంట్ల ఒత్తిడి తగ్గొచ్చు, కాబట్టి ఏది కారణమో, ఏది ఫలితమో విడదీయడం కష్టం.

రామిప్రిల్‌ను ఉత్తుత్తి గోలీతో పోల్చిన హోప్ పరీక్ష ఫలితాలు 2000లో వెలువడ్డాయి; అందులో 9,297 మంది పాల్గొన్నారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి ఉత్తుత్తి గోలీ వేసుకున్నవారిలో 17.8 శాతం, రామిప్రిల్ వేసుకున్నవారిలో 14 శాతం. అదే పరీక్షలో విటమిన్ ఇ, అంటే పేరుమోసిన యాంటీఆక్సిడెంట్, ఏ మేలూ చేయలేదు: 16.2 శాతం, దాని ఉత్తుత్తి గోలీకి 15.5. విటమిన్ ఇ ఓడితే ప్రతి యాంటీఆక్సిడెంటూ ఓడినట్టు కాదు, నిజమే. పైగా రామిప్రిల్‌తో రక్తపోటు మూడు పాయింట్లే దిగింది గనక మిగతా మేలు వేరే గుణం వల్లేనన్నారు. కానీ గోలీ వేసుకున్నది రాత్రిపూట, రక్తపోటు కొలిచింది పగటిపూట. అందులో 38 మందికి 24 గంటలూ కొలిస్తే, చిన్న గుంపే అయినా, పై అంకె సగటున పది పాయింట్లు దిగింది. రాత్రి వేళల్లో తగ్గుదల ఇంకా ఎక్కువ.